పద్నాలుగు అంగుళాల లాంజ్

ఆ రోజు పొద్దున్న పదింటికి ఆమె పన్నెండు సోఫాల్లోనూ ఒక్కోసారి కూర్చుని లేచింది. ఎక్కడా కుట్టు పిగలలేదు, చట్రం కిర్రుమనలేదు. సాయంత్రం ఆరింటికి లాంజ్ తెరవాలి.

వీధిలో ఆమెను సీటక్క అంటారు. సోఫాలకు ఫోమ్ పరిచి రెక్సిన్ కుట్టడం పని. చుక్క మందు ముట్టకపోయినా, మందు అమ్మే చోట్లకు ఇంగ్లీషులో ఉన్న పేర్లన్నీ ఆమెకు తెలుసు. నేర్చుకున్నది మాత్రం టేపు పట్టుకుని.

"బార్ అంటే ముప్ఫై అంగుళాల ఎత్తు స్టూలు, కాళ్ళు గాల్లో. పబ్ అంటే గోడకానుకుని బెంచీ, పద్దెనిమిది. టావెర్న్ అంటే ఉత్త చెక్క. ఆ పేరు చెప్పారంటే మనకి పని లేనట్టే. లాంజ్ అంటే పద్నాలుగు. కూలబడ్డవాడు లేవడానికి బద్ధకించాలి," అంటుంది.

పద్దెనిమిదేళ్ళు బావగారి షాపులో కుట్టి, రెండు నెలల కిందటే వేరుపడింది. సొంతంగా ఇదే మొదటి ఆర్డరు. "ఇది తేడా కొడితే మొహమాటపడకమ్మా, నీ మిషను చోటు ఖాళీగానే ఉంది," అని బావగారు ముందే చెప్పి ఉంచారు.

మూడింటికి లాంజ్ యజమాని వాళ్ళమ్మను తీసుకొచ్చాడు. భవనం ఆవిడది. ఆవిడ నిండుగా కూర్చుంది. కూర్చున్నదల్లా దిగిపోయింది. లేవబోయింది, రాలేదు.

"ఏమ్మాయ్, ఇది సోఫానా, ఊబా?"

"లాంజ్ అంటే ఇలాగే ఉంటుందమ్మా," అన్నాడు కొడుకు.

"అయితే వచ్చినవాళ్ళని పైకి లాగడానికి ఇద్దరు మనుషుల్ని కూడా పెట్టుకో."

కొడుకూ సీటక్కా చెరో చెయ్యీ పట్టి ఆవిడను లేపారు. కొడుకు మొహం మాడిపోయింది. "ఇవి తీసుకెళ్ళిపోండి. మీ బావగారి షాపుకే ఫోన్ చేస్తాను," అన్నాడు.

సీటక్క కింద కూర్చుని, పెద్దావిడ మడమ నుంచి మోకాలి వెనక దాకా టేపు పెట్టింది. పదిహేడు.

"తప్పు నాదే సార్. పేరు చూసి కొలత వేశాను, కూర్చునే మనిషిని చూడలేదు. ఆరింటిదాకా ఆగండి."

బస్సు కండక్టరైన భర్తకు ఆ రోజు సెలవు. ఆమె ఫోన్ చేస్తే, వడ్రంగి దగ్గర మూడంగుళాల చెక్క దిమ్మలు నలభై ఎనిమిది కోయించుకుని నాలుగింటికి వచ్చాడు. సోఫాలు తిరగేసి, ఒక్కో కాలికీ ఒక్కో దిమ్మ బిగించడం మొదలుపెట్టారు.

"ఇరవై ఏళ్ళుగా నిలబడి చేసే ఉద్యోగం నాది. సెలవు రోజున నేల మీద పాకిస్తున్నావు."

"పాకితే పొట్ట తగ్గుతుంది. ఆ స్క్రూ ఇలా ఇవ్వండి."

"మా అన్నయ్య చూస్తే ఏమంటాడో."

"చూడనివ్వండి. ముందు స్క్రూ ఇవ్వండి."

ఐదూ నలభైకి ఆఖరి సోఫా నిలబెట్టారు. పెద్దావిడ కూర్చుంది, తనంతట తానే లేచింది. మళ్ళీ కూర్చుంది.

"పద లేవమ్మా, జనం వచ్చే టైమైంది," అన్నాడు కొడుకు.

"లేవగలనని తెలిసిందిగా. ఇక నిమ్మళంగా కూర్చుంటాను."

అతను నవ్వాపుకోలేకపోయాడు. "పదిహేడంటే మరి ఇది లాంజా, పబ్బా అక్కా?"

"బోర్డు మీ ఇష్టం సార్. కొలత మాత్రం అమ్మగారిది."

బోర్డు మీద లాంజ్ అనే ఉంచారు. సోమవారం నుంచి సీటక్కకు పై అంతస్తు పని. ఎనిమిది సోఫాలు, ఎత్తు పదిహేడు అంగుళాలు.