వదిన అడిగిన మూతలు

జపాన్‌లో పది రోజులున్నాను. ఆ పది రోజుల్లో తలెత్తి చూసింది తక్కువ. కోట ఉందన్నారు, కోట పక్కన తోట ఉందన్నారు. ఉండే ఉంటాయి. నేను మాత్రం సాయంత్రం పని అవగానే నేల చూపులు చూసుకుంటూ మ్యాన్‌హోల్ మూతల కోసం తిరిగాను.

మాది గుంటూరు దగ్గర ఒక మిరపకారం కంపెనీ. కారం రంగూ ఘాటూ పరీక్ష చేసి కాగితం మీద రాయడం నా పని. మా సరుకు కొనే జపాన్ వాళ్ళ పద్ధతిలో పరీక్షలు నేర్చుకు రమ్మని నన్ను పంపారు. యాభై దాటినవాణ్ణి, పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి. అన్నయ్య ఇంటి మేడ మీద గదిలో ఉంటాను, కింద వదిన చేతి అన్నం తింటాను. నా పెట్టెలో కందిపొడి సీసా సర్దుతూ వదిన అంది:

"అబ్బాయ్, అక్కడ మ్యాన్‌హోల్ మూతల మీద బొమ్మలు పోత పోస్తారంట. ఫోన్లో చూశా. ముగ్గుల్లాగా ఉన్నయ్యి. కనపడితే ఫొటోలు తీసి పంపు."

"ఎందుకు వదినా అవి?"

"మూత మీద కూడా అంత శ్రద్ధ పెట్టేవాళ్ళు ఉన్నారా అని. చూద్దామని."

అన్నయ్య పోయింది మూత లేని మ్యాన్‌హోల్‌లో పడి.

మా వీధి చివర మూత లారీ ఎక్కి విరిగింది. కొత్తది వచ్చేదాకా మా వైపు ఎవరైనా చేసే పనే అన్నయ్యా చేశాడు. వేపకొమ్మ విరిచి గుంతలో నిలబెట్టి, చుట్టూ ఇటుకలు బిగించి, కొసకి ఎర్ర గుడ్డ కట్టాడు. తుఫానుకి పత్తి తడిసి నల్లబడిన వారం అది. రాత్రికి రాత్రే వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్ళాడు. కొమ్మ లేదు. నీళ్ళ కింద గుంత ఎక్కడుందో ఆనవాలు లేదు. బయటికి తీసేసరికి అంతా అయిపోయింది.

కొమ్మ గాలికి పోయి ఉంటుందన్నారు వీధిలోవాళ్ళు. వదిన ఒప్పుకోలేదు. "గాలికి పోయే కొమ్మ కాదది. ఇటుకలు పెట్టి ఆయనే బిగించాడు. ఎవడో తీశాడు." అప్పటినుంచీ రోజూ పొద్దున గేటు ముందు నీళ్ళు చల్లుతూ ఆ ఎవణ్ణో తిడుతుంది. "ఆ కొమ్మ తీసినోడి చేతులు పడిపోను." అరుపేమీ ఉండదు. చీపురు చప్పుడుతో పాటు మామూలుగా అంటుంది. అయ్యాక ముగ్గేసి, "అబ్బాయ్, కాఫీ" అని నన్ను పిలుస్తుంది. గడ్డం గీసుకుంటూ రెండూ వింటాను.

కొమ్మ తీసింది నేను.

ముందురోజు సాయంత్రం కారు తిప్పుతుంటే అడ్డొచ్చింది. అప్పటికి కారు కొని నెల కాలేదు, గీతలు పడతాయని నా బాధ. దిగి, కొమ్మ పీకి గోడకి ఆనించాను. కారు పెట్టాక మళ్ళీ పాతుదామనుకున్నాను. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడుతూనే లోపలికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, వదిన పోసిన పెసరట్లు తిన్నాను. అన్నయ్య నా ఎదురుగానే కూర్చుని తిన్నాడు.

ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. ఇప్పటికీ ఏడవలేదు. నోటికి మత్తు ఇచ్చి పన్ను పీకాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, ఏడాదిగా మనిషినంతా అలాగే ఉన్నాను.

జపాన్‌లో నేనున్న ఊళ్ళో మూతలు నిజంగానే బాగున్నాయి. ఒకదాని మీద చేపలు, ఒకదాని మీద పూలకొమ్మ, ఫైరింజను వాళ్ళ నీళ్ళ గొట్టం మూత మీద ఎర్రగా చిన్న ఇంజను. దొరికిన ప్రతిదాన్నీ వంగి ఫొటో తీశాను, పంపాను. వదిన ప్రతిదానికీ జవాబిచ్చింది. "ఇది బాగుంది." "దీని అంచు మళ్ళీ తియ్యి." ఎంతో బరువైన ఇనుము. ఏ లారీ ఎక్కినా విరిగేట్టు లేదు. అయినా ఒక్కదాని మీదా కాలు పెట్టలేకపోయాను, పక్కనించే తిరిగి వెళ్ళాను.

కొంగల బొమ్మ ఉన్న మూత దగ్గర ఒక ముసలాయన తన కొట్టు ముందు ఊడుస్తున్నాడు. నన్ను చూసి, చీపురు పక్కనపెట్టి, మూత మీద దుమ్ము గుడ్డతో తుడిచాడు. దాని మీద నిలబడు, ఫొటో తీస్తానని సైగ చేశాడు. వద్దని చేతులూపాను. భయపడుతున్నాననుకున్నాడేమో, తనే ఎక్కి రెండు కాళ్ళతో గట్టిగా తొక్కి చూపించి నవ్వాడు. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను. హోటల్ గదిలో వదిన సర్దిన కందిపొడి సీసా తీసి, తెరవకుండానే మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. చెప్పకుండా ఇంకొక్క రోజు కూడా ఆ ఇంట్లో అన్నం తినలేనని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం వదిన వసారాలో కూర్చుని, ఫోన్లో కొంగల మూతని పెద్దది చేసి చూస్తూ నోటు పుస్తకంలో చుక్కలు పెడుతోంది. ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"వదినా, ఆ కొమ్మ తీసింది నేనే. కారుకి అడ్డమొచ్చిందని. మళ్ళీ పెడదామని మర్చిపొయ్యా."

పెన్సిల్ ఆగింది.

"నేను రోజూ తిట్టేది నీకు వినపడేదా?"

"వినపడేది."

"వింటానే వచ్చి కాఫీ తాగేవాడివి."

"అవును."

"ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టుకుంటూ బతికా అబ్బాయ్. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

ఆవిడ పుస్తకం మూసి లోపలికి వెళ్ళింది. రాత్రి కంచంలో అన్నం పెట్టి, మూతేసి, వసారాలో ఉంచింది.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ చెవులు రిక్కించి నిలబడ్డాను. నీళ్ళు చల్లిన చప్పుడు. చీపురు చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తిడితే బాగుండునని ఇంతగా ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ చేతిలో మిగిలిన ఆ ఒక్కటీ నేనే లాక్కున్నాను. ఎంతసేపు చూసినా "అబ్బాయ్" అని కూడా పిలవలేదు.

కిందికి దిగితే చివరి మెట్టు మీద కాఫీ గ్లాసు ఉంది. అది పట్టుకుని బయటికి నడిస్తే వీధి చివర, కొత్తగా వేసిన సిమెంటు మూత మీద కొంగల ముగ్గు ఉంది. కాఫీ చల్లారిపోయింది. అక్కడే నిలబడి తాగాను.