కాల్చిన మట్టిలో నిమ్మమొక్క

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి తరమూ కాలేదు. కాలుకాలిన పిల్లి అని మా నాన్న నాకు పేరు పెట్టాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, అయినా చెయ్యి ఊరుకోదు. అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసి చూస్తాను. ఈ పాడుబుద్ధితోనే ఒకప్పుడు ఒక నిమ్మమొక్క ఉసురు తీయబోయాను.

అప్పుడు మేము మా జిల్లా నుంచి వలస వచ్చి, ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళోనే బాగ్‌బేరా పేటలో, రైల్వే యార్డు పక్క సందులో ఉండేవాళ్ళం. నాన్నకి ఫర్నేసు దగ్గర పని. ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత పెరడు. ఏది నాటినా చెదలు తినేసేవి. ఆ ఏడు ఎండాకాలంలో అమ్మ ఏడో నెలలో శ్రీకాకుళం దగ్గర పుట్టింటికి కాన్పుకు వెళ్తూ, గింజ వేసి మొలిపించిన వేలెడు నిమ్మమొక్కని నాకు అప్పగించింది. తను తిరిగొచ్చేసరికి అది జానెడు కావాలంది.

అంతకు ముందుసారి కూడా అమ్మ అలాగే కాన్పుకు వెళ్ళి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళెవరూ నోరు విప్పలేదు. అందుకని ఈసారి నాలో నేనే ఒక ముడి వేసుకున్నాను. మొక్క బతికితే తమ్ముడో చెల్లో వస్తారు, చస్తే రారు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మొక్కని చెదలు తినకుండా నాన్న తనకు తెలిసిన వైద్యం చేశాడు. మా సందులో ఫర్నేసు పనివాళ్ళందరిదీ అదే వైద్యం. ఇనుమే నిప్పులో శుద్ధి అవుతుంటే మట్టి ఏపాటిదని వాళ్ళ నమ్మకం. పాత రేకు మీద రెండు గంపల మట్టి పోసి, కింద బొగ్గులు రాజేసి, వేరుశెనక్కాయలు వేయించినట్టు వేయించాడు. చల్లారాక జల్లించి, కుండీలో నింపి, మొక్కని అందులో పెట్టాడు. ఆ మట్టిలో చీమ కూడా లేదు. నాన్నకి ఎంత గర్వమో.

మొక్క చావలేదు, ఎదగలేదు. నెల గడిచింది, వానలు మొదలయ్యాయి, అది మాత్రం వేలెడే. ఆకులు పసుపు తిరిగాయి. నాకు కాలు నిలిస్తే ఒట్టు. బడికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మొక్కని మెల్లగా పైకి లాగి, వేర్లు పెరిగాయో లేదో చూసి, మళ్ళీ గుచ్చేసేదాన్ని. అమ్మ దగ్గరనుంచి ఉత్తరం రావడం ఆగిపోయింది. యార్డులో బండి కూసినప్పుడల్లా గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ఒకరోజు మొక్కని లాగితే ఆకు ఒకటి చేతిలోకి ఊడివచ్చింది. గోడ దూకి పక్కింటి మామ్మ దగ్గరకు పోయి, ఏడుస్తూ ముడి సంగతితో సహా అంతా కక్కేశాను.

పక్కింటి మామ్మ మా శ్రీకాకుళం వైపు మనిషే. చేటలో రుగ్డాలు పోసుకుని మట్టి కడుగుతోంది. రుగ్డాలంటే వానాకాలం ఇక్కడి అడవి ఆడవాళ్ళు తవ్వి తెచ్చి అమ్మే గోళీల్లాంటి పుట్టగొడుగులు. నన్ను ఓదార్చలేదు సరికదా, సూటిగా అడిగింది.

“రోజూ పీకి సూత్తన్నావేటే గుంటా?”

రోజుకు రెండుసార్లని ఒప్పుకున్నాను. ఆవిడ ఒక రుగ్డాని నా అరచేతిలో పెట్టి, ఇది సాలు అనే అడవిచెట్టు కింద తప్ప ఇంకెక్కడా పుట్టదని చెప్పింది. “సెట్టు దీనికి తిండెడతాది. ఇది మట్టంతా ఎతికి సెట్టు ఏరుకి నీరూ సారమూ అందిత్తాది. నిమ్మసెట్టుకీ ఇలాటి సుట్టాలుంటారు, కంటికి అగుపడరంతే. మీ నాన్న సెదల్తో పాటు సుట్టాల్నీ కాల్సీసినాడు. మిగిలిందేటైనా ఉంటే నువ్వు పీకి తెంపేత్తన్నావు.”

తర్వాత తన పెరట్లో కాపుకొచ్చిన నిమ్మచెట్టు మొదట్లో కొడవలితో తవ్వి, వెంట్రుకల్లాంటి సన్నవేర్లతో సహా పిడికెడు తడిమట్టి తీసింది. దాన్ని మా కుండీలో మొక్క వేర్ల పక్కన పెట్టి కప్పింది. పైన బియ్యప్పిండితో గుండ్రంగా ముగ్గు గీసి, అది చెరిగితే నువ్వు ముట్టుకున్నావని నాకు తెలిసిపోతుందని బెదిరించింది. వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యేసింది.

“మీ అమ్మ పేనం ఈ మొక్క మీద నేదు. అక్కడ మీ అమ్మమ్మ ఉన్నాది, డాక్టరమ్మ ఉన్నాది. దానికీ సుట్టాలున్నారే.”

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. చేతులు వెనక్కి కట్టుకుని కుండీ చుట్టూ తిరిగేదాన్ని. చీమలూ వానా పిండిని ఏ పూటకాపూట మాయం చేసేవని, మామ్మ తెల్లారకుండానే వచ్చి మళ్ళీ గీసిపోయేదని చాలా ఏళ్ళకు తెలిసింది. ముగ్గు మొక్కకి కాదు, నా చేతులకి. ఒక పొద్దున మొక్క చివర లేత ఆకు కనిపించింది. ఉత్తరం ఆ తర్వాత మరో పదిరోజులకు గానీ రాలేదు.

అమ్మ వచ్చేసరికి మొక్క జానెడు కాలేదు, బెత్తెడు దాటిందంతే. అమ్మ దానివైపు చూడనైనా లేదు. నన్ను చాపమీద కూర్చోమని, చెల్లిని నా ఒళ్ళో పెట్టింది. అది నిద్రలేచేదాకా నేను కదల్లేదు. కాళ్ళు తిమ్మిరెక్కి రాయయిపోయినా కదల్లేదు.

ఇప్పుడు ఇదే ఊళ్ళో మాంగో అనే పేటలో మనవరాలి ఫ్లాటులో ఉంటున్నాను. బాల్కనీలో కొత్త కుండీ పెట్టినప్పుడల్లా పాత కుండీలోంచి పిడికెడు మట్టి తీసి కలుపుతాను. వ్యవసాయం చదివిన పిల్ల కదా, “నానీ, ఇస్కో మైకోరైజా బోల్తే హైఁ, ప్యాకెట్ మే మిల్తా హై” అంటుంది. దీన్ని మైకోరైజా అంటారట, ప్యాకెట్లో దొరుకుతుందట. మిలితే మిలనీ, మా మామ్మ దాన్ని చుట్టం అంది, నాకు అదే బాగుంది.

ఈవేళ రాంచీలో మా చెల్లికి ఆపరేషను. పొద్దుటినుంచి ఫోను తీయడం, చూడడం, పెట్టడం, మళ్ళీ తీయడం. చివరికి విసుగొచ్చి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు బియ్యప్పిండి తెచ్చాను. బల్లమీద ఫోను పెట్టి దాని చుట్టూ ముగ్గు గీశాను. మనవరాలు చూసి నవ్వింది. మా చెల్లికీ చుట్టాలున్నారు అని నాకు నేనే చెప్పుకుంటూ, చేతులు వెనక్కి కట్టుకుని ఆ ముగ్గు ముందు కూర్చున్నాను.