ఎర్సీలియా కొలత

సరస్సు ఒడ్డున మా ఊరు సాలే మరజీనో, ఆ రేవులో పడవ దిగినవాళ్ళు మొట్టమొదట అడిగేది మరుగుదొడ్డి ఎక్కడని. రెండోది, చవగ్గా తాగే చోటు ఎక్కడని. ముప్ఫై నాలుగేళ్ళు ఆ పడవ మీద తాళ్ళు కట్టి విప్పినవాణ్ణి, ఈ రెండింటికీ నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పగలను. మొదటిదానికి వేలు చూపిస్తే సరిపోయేది. రెండోదానికి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాణ్ణి: నీళ్ళకి వీపు పెట్టి నడవండి.

సరస్సు కనబడుతున్నంతసేపూ జేబు మీంచి చెయ్యి తియ్యకూడదు. రేవుగట్టు మీద తెల్ల గొడుగుల కింద కూర్చుంటే గ్లాసు తొమ్మిది యూరోలు. అందులో సగం మంచుముక్కలే. చౌరస్తా దగ్గర ఐదు. చర్చి వెనక సందులో ఎనభై మూడు మెట్లెక్కితే రెండున్నర. అక్కడ బొమ్మల మెనూ ఉండదు, గొడుగుండదు, ఇంగ్లీషులో పలకరించేవాడుండడు. గుమ్మానికి ఈగలు రాకుండా పూసల తెర వేలాడుతుంటుంది, లోపల ముసలాళ్ళు పేకముక్కలు బల్లకేసి కొడుతుంటారు. ఆ చప్పుడు వినబడితే సరైన చోటికి వచ్చినట్టే. అదే ఎర్సీలియా బారు.

ఎన్ని వేలమందిని ఆ మెట్లెక్కించానో లెక్కలేదు. "కొలత తప్పదు, ధర కొరకదు, పూచీ నాది" అని చెప్పి మరీ పంపేవాణ్ణి. ఊరివాళ్ళం మాకైతే ఒకటిన్నరే. మనవాళ్ళకో ధర, పైవాళ్ళకో ధర ఎక్కడైనా ఉన్నదేగా అనుకున్నాం. మా మొహాలు చూసి తగ్గిస్తోందని కూడా కొంచెం మురిసిపోయాం.

ఎర్సీలియా ఎదురుగా కనిపించే ద్వీపంలో, వలలు అల్లే వాళ్ళింట్లో పుట్టింది. పెళ్ళయి ఇటొడ్డుకొచ్చింది. మొగుడు అకిల్లె మంచివాడే, అయితే బారు పెట్టి తన బారుకి తానే పెద్ద గిరాకీ అయ్యాడు. నలభై నిండకుండా కాలేయం చెడి పోయాడు. ఆవిడ ఏడ్చింది, వారం రోజులు తలుపు మూసింది, ఎనిమిదో రోజు తెరిచింది. అప్పటినుంచీ ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ బల్ల వెనక ఒక్కతే. తాను మాత్రం కాఫీ తప్ప ఇంకేమీ ముట్టదు.

ఏం కావాలని అడగడం ఆవిడకి తెలీదు. మనిషి తెర పక్కకి తోసుకుని రాగానే అటు తిరిగిపోతుంది, అరలోంచి సీసాలు దింపుతుంది, వెడల్పాటి ఆ వీపు తప్ప మనకేమీ కనబడదు. ఇటు తిరిగేసరికి గ్లాసు సిద్ధం. ఒకసారి ఎవరో జర్మనీ పెద్దమనిషి వైన్ల పట్టిక తెమ్మన్నాడు. "తెల్లదుంది, ఎర్రదుంది నాయనా. రంగు నువ్వు చెప్పు, పేరు నేను పెడతాను" అంది. ఆయన నవ్వలేదు కానీ మూడు గ్లాసులు తాగాడు. రాజకీయాల మీద ఎవడైనా గొంతు పెంచితే, ఎండు చేప ముక్క, మొక్కజొన్న సంకటి ముక్క పళ్ళెంలో పెట్టి ముందుకి తోసేది. "నోట్లో ఇది పెట్టుకో, ఊరికి కాసేపు ప్రశాంతం" అనేది.

మేం తాగేది పిర్లో. తెల్ల వైను, సోడా, పైన కంపారీ అని ఎర్రటి చేదు కాస్త. మధ్యాహ్నం భోజనానికి ముందు రెండు పిర్లోలు, నాలుగాటలు పేక. బోర్తోలో, గౌదెన్సియో, ఫౌస్తీనో అనే నేను. బోర్తోలో రాతి గనిలో పనిచేసి మానినవాడు, గొంతు ఇంకా గనిలో ఉన్నట్టే మాట్లాడతాడు. గౌదెన్సియో తపాలా ఆఫీసు మనిషి, మాట పొదుపు, పుల్లవిరుపు ఎక్కువ. మేం ముగ్గురం ఎక్కడ కూర్చుంటే ఊళ్ళో మిగతా ముసలాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. ఇది గొప్పకి చెప్పడం లేదు, అలా అలవాటైపోయింది.

ఈ ఏడు జనవరిలో మెట్లమీద మంచు గడ్డకట్టింది. చెత్తబుట్ట పట్టుకుని దిగుతూ ఎర్సీలియా జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి, ఆ తర్వాత నడక నేర్పే చోటు, వెరసి మూడు నెలలన్నారు. మేనల్లుడి భార్య నివెస్ వచ్చి బారు తెరిచింది. బ్రెషా పట్నంలో మంచి మంచి బార్లలో పన్నెండేళ్ళు పనిచేసిన పిల్ల. నవ్వుమొహం, చురుకైన చేతులు.

మొదటిరోజు పదకొండింటికి కూర్చున్నాం. నివెస్ మా ఎదుటే, మా కళ్ళముందే, చిన్న స్టీలు కొలతగిన్నెతో కొలిచి పోసింది. బాగుందన్నాం. రెండోది కూడా బాగుందన్నాం. పన్నెండు గంటలకి బోర్తోలో తన పెళ్ళినాటి పాటెత్తుకున్నాడు. గౌదెన్సియో ముక్కలన్నీ బల్లమీద వెల్లకిలా పరిచి, "ఇదిగో, దాచేదేముంది, మనం మనం ఒకటి కదా" అన్నాడు. నలభై ఏళ్ళలో వాడి నోట అంత తియ్యని మాట నేను వినలేదు. నేను లేచి గుమ్మం దాటబోయి పూసల తెరలో చుట్టుకుపోయాను. ఇంట్లో తిట్టేవాళ్ళు లేక ఆరేళ్ళయింది కాబట్టి బతికిపోయాను.

మర్నాడు బోర్తోలో వస్తూనే అరిచాడు.

"అమ్మాయ్, నిన్న ఏం కలిపావే మాకు?"

"ఏం కలుపుతాను బాబాయ్? వైను, సోడా, కంపారీ."

"అబద్ధాలాడకు. నాకు డెబ్భై నాలుగేళ్ళు. పిర్లో అంటే ఏంటో నాకు నేర్పుతావా?"

నివెస్ చిన్నబుచ్చుకుంది. సీసా, కొలతగిన్నె తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టింది. "మీరే పొయ్యండి. బ్రెషా అంతా ఇదే కొలత. ఇంతకంటే తక్కువ పోస్తే పట్నంలో గ్లాసు మొహాన కొడతారు."

గౌదెన్సియో పోశాడు. మూడు గ్లాసులు. తాగి చూశాం. నిన్నటిదే. నోరంతా వైను నిండింది. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం.

"మరి ఇది పిర్లో అయితే," అన్నాడు గౌదెన్సియో మెల్లగా, "ఇన్నేళ్ళూ మనం తాగిందేమిటి?"

నివెస్ అప్పుడైనా ఊరుకుని ఉండాల్సింది. పాపం, కడుపులో ఏదీ దాచుకోలేని పిల్ల. "అదే నాకూ అర్థం కాలేదు బాబాయ్. అత్త మూడు రోజులు వాడే వైను నాకు నిన్న ఒక్కరోజుకే అయిపోయింది" అనేసింది.

ఇంకేముంది, నిప్పు తొక్కిన కోతులమయ్యాం. అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. ఎందుకు ఎగరను? ముప్ఫై నాలుగేళ్ళు నా నాలుక పూచీ పెట్టి జనాన్ని పంపాను. చవక చవక అని నేను చాటిందంతా సోడానీళ్ళ చవకేనా? "నీళ్ళకి వీపు పెట్టి నడవమన్నావుగా. నీళ్ళు మనకంటే ముందే మెట్లెక్కి కూర్చున్నాయి" అన్నాడు గౌదెన్సియో. వాణ్ణి కొట్టాలనిపించింది.

మాట దాగుతుందా? వారం తిరక్కుండా రొట్టెలకొట్లో, చర్చి మెట్లమీద, మంగలి కుర్చీలో అదే మాట. ఎర్సీలియా కల్తీ. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎవరిచేతా వేలెత్తి చూపించుకోని మనిషి, ఆసుపత్రి మంచం మీదుండగా దొంగైపోయింది. కొందరు చౌరస్తా బారుకి మారారు. మేం ముగ్గురం కూడా లేచిపోతే తక్కినవాళ్ళూ లేస్తారని, అప్పుడు ఆ బారుకి తాళమేనని నివెస్‌కీ తెలుసు, మాకూ తెలుసు.

"అత్త వచ్చేదాకా ఆగండి. ఆవిడ మొహం మీదే అడగండి. పెద్దవాళ్ళు, చాటుగా అనుకోవడం మీకు మర్యాద కాదు" అంది. పిల్ల సరిగ్గానే చెప్పింది. ఆగాం. ఆగినన్నాళ్ళూ మాత్రం నా మాటలు నేను మనసులో పదును పెట్టుకుంటూనే ఉన్నాను.

ఏప్రిల్లో ఒక గురువారం పొద్దున ఎర్సీలియా వచ్చింది. చేతికర్రతో ఆ మెట్లన్నీ ఎక్కింది, ఎవర్నీ చెయ్యి పట్టుకోనివ్వలేదట. బల్ల వెనక్కి వెళ్ళలేదు. మా బల్ల దగ్గరే కుర్చీ లాక్కుని కూర్చుంది. మాతోపాటు కూర్చోవడం అదే మొదటిసారి. చిక్కిపోయింది. నాకు ఒక్క క్షణం జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది. బారు నిండుగా ఉంది. ఆవిడ వస్తోందని తెలిసి చౌరస్తాకి మారినవాళ్ళు కూడా వచ్చి గోడవార నిలబడ్డారు.

"అడగండి. అడగడానికేగా కూర్చున్నారు" అంది.

"మా పిర్లోలో వైను తగ్గించావా లేదా?" అన్నాను.

"తగ్గించాను."

గోడవారనుంచి గుసగుసలు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. బొంకుతుందనుకున్నాను, బొంకితే పట్టుకోవాలనుకున్నాను.

"సిగ్గులేదూ? డబ్బు తీసుకుని నీళ్ళమ్ముతావా?" అని బోర్తోలో లేచాడు.

"కూర్చో బోర్తోలో. పైఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ దగ్గర రెండున్నర తీసుకుంటాను, నీ దగ్గర ఒకటిన్నర. ఎందుకనుకున్నావ్? నీ అందం చూసా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"పోసినదానికే తీసుకున్నాను. అకిల్లె పోయినప్పుడే ఒట్టేసుకున్నా, ఈ బల్ల మీంచి ఇంకో మనిషిని శ్మశానానికి పంపనని. నీకు షుగరు బయటపడిన ఏడు నీ భార్య చెలెస్తె వచ్చి, వంటింటి తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. బారు మానిపిస్తే మొగుడు మొండికేస్తాడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అని. చేశాను. గౌదెన్సియో, మీ అక్క డాక్టరు చీటీ తెచ్చి నా మొహాన పెట్టింది. చదివి వినిపించమంటావా?"

"వద్దులే" అన్నాడు గౌదెన్సియో.

"నాతో చెప్పకూడదా?" అని బోర్తోలో గొణిగాడు.

"చెబితే తాగేవాడివా? ఇంటికి పోయి ఆ మనిషితో పోట్లాడేవాడివి. ఇప్పుడు కూడా పోట్లాడకు. పదకొండేళ్ళు నిన్ను బతికించుకుంది."

బోర్తోలో కూర్చున్నాడు. ఒకరిద్దరు గోడవారనుంచి కదిలి, అంతా సర్దుకున్నట్టు కుర్చీలు లాక్కున్నారు. నాకు మాత్రం సర్దుకోలేదు. వాళ్ళిద్దరికీ ఆడదిక్కుంది, అడిగారు, సరే. నా సంగతేంటి? నాకు షుగరు లేదు, కాలేయం గట్టిది, డాక్టరు చీటీ లేదు.

"మరి నాకెందుకు తగ్గించావ్? మా ఇంట్లోంచి ఎవరొచ్చారు నీ దగ్గరికి? మా ఆవిడ అర్మీడా జన్మలో బారు గడప తొక్కలేదు. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా నాకెవరున్నారని, ఎవరి మాట విని నా గ్లాసు మీద పెత్తనం చేశావ్?"

గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఎర్సీలియా కర్ర రెండుచేతుల్తో పట్టుకుని కూర్చుంది. అంతవరకూ ధాటిగా మాట్లాడిన మనిషి, ఇప్పుడు మాటలు వెతుక్కుంటోంది.

"గడప తొక్కలేదు. నిజమే" అంది చివరికి. "తెర అవతలే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఆవిడ పోవడానికి ముందటి అక్టోబరులో. జబ్బు సంగతి నీకింకా చెప్పలేదంది. పడవ మీద చివరి నెలలు నీకు, అవి పాడుచెయ్యడం ఇష్టంలేదంది."

నేను అక్టోబరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. డిసెంబరులో కదా నాకు చెప్పింది. ఆ అక్టోబరులో నా పదవీ విరమణకి కొత్త చొక్కా కొనిపెట్టింది. పొట్ట దగ్గర బిగుతుగా ఉందని విసుక్కున్నాను.

"ఏమంది?" అన్నాను.

"నేను పోయాక రోజూ ఇక్కడికే వస్తాడు. రావద్దని మాత్రం అనకు, ఇల్లు మనిషిని తినేస్తుంది. రానీ, కూర్చోనీ, పేకాడనీ. కాస్త తక్కువ పొయ్యి, అంతే. ఇలా అంది, ఫౌస్తీనో. ఎన్నాళ్ళు పొయ్యమంటావే అలా అని అడిగాను. నాకేం తెలుసు, రోజూ అతని మొహం చూస్తావు కదా, నీకే తెలుస్తుంది అంది."

నేను ఎటు చూడాలో తెలీక నా చేతులకేసి చూసుకున్నాను. ఇన్నేళ్ళు నేను తెర తోసుకుని రావడం, ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి అటు తిరిగిపోవడం. మర్యాద తెలీని మనిషి, పలకరించనైనా పలకరించదు అనుకునేవాణ్ణి.

"మరి తెలియలేదా? ఆరేళ్ళయిందే" అన్నాను. కోపంగానే అందామనుకున్నాను, అలా రాలేదు.

"రోజూ చూస్తూనే ఉన్నాను" అంది ఎర్సీలియా. "ఇంకా లేదు నాయనా."

గౌదెన్సియో ముక్కలు కలపడం మొదలుపెట్టాడు, అవసరానికి మించి చాలాసేపు కలిపాడు. బోర్తోలో ముక్కు చీదుకుని, కిటికీ మూసేవాడు లేడా ఈ కొంపలో, గాలి కొడుతోంది అని ఎవర్నో తిట్టాడు. కిటికీ మూసే ఉంది.

నివెస్ సీసా పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడింది. "బాబాయ్, మీకెంత పొయ్యను?" అంది మెల్లగా.

అత్తనడగమన్నాను.