వెనక గోడ మీద పదకొండు హెల్మెట్లు

మొన్న దసరాకు ముందు మా పాత లోడింగు షెడ్డు పడగొట్టారని తెలిసి చూడడానికి పోయాను. అలవాటు చావక, పోయినవన్నీ మనసులోనే లెక్కవేసుకున్నాను: పైకప్పు రేకులు ఇరవై నాలుగు, కూర్చునే బల్లలు రెండు, టీ పొయ్యి ఒకటి, వెనక గోడకు మేకులు పదకొండు, ఆ మేకులకు తగిలించిన హెల్మెట్లు పదకొండు. అక్కడికి వచ్చేసరికి లెక్క ముందుకు సాగలేదు.

ఎర్రగుంట్ల పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకెత్తే బస్తాలు లెక్కపెట్టే పని ఒకప్పుడు నాది. బడిలో నేర్చింది కాదు, మా బావ పక్కన నిలబెట్టుకొని వేళ్ల కణుపుల మీద నేర్పిన లెక్క. మాతో పనిచేస్తూ ఎవరైనా కన్నుమూస్తే అతని హెల్మెట్టు ఇంకొకరికి ఇచ్చేవాళ్లం కాదు. వెనక గోడకు ఒక మేకు కొట్టి తగిలించేవాళ్లం. పేరు రాయకపోయినా, సొట్టను బట్టి, పట్టీకి వేసిన ముడిని బట్టి ఏది ఎవరిదో అందరికీ తెలుసు. ఆయుధపూజనాడు కాటాకూ లారీలకూ బొట్లు పెట్టాక ఆ వరుసకూ పెట్టేవాళ్లం.

పదకొండోది మా బావది. టీ గ్లాసు చేతిలో ఉండగానే బల్ల మీద ఒరిగిపోయాడు. ఉక్కపోస్తుందని బతికినన్నాళ్లూ హెల్మెట్టు చంకలో పెట్టుకొని తిరిగిన మనిషి. దాన్ని తగిలిస్తూ మా మేస్త్రి, "ఏమప్పా, నెత్తిన పెట్టుకోప్పా అంటే ఒక్కనాడన్నా ఇంటివా? ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా ఉండావో" అని నవ్వబోయి, గోడవైపు తిరిగిపోయాడు.

ఆ ఏటి పూజకు మా అక్కను పిలిపించాము. బావ పోయినప్పటినుంచి పేరంటాల్లో కుంకుమ భరిణె ఆమె దాకా వచ్చేది కాదు. ఇక్కడ మేస్త్రే పళ్లెం ఆమె చేతికిచ్చాడు. అది మొదలు ఏటా వచ్చి, కొంగుతో సిమెంటు దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, బావ హెల్మెట్టు పట్టీ పట్టుకొని కాసేపు నిలబడేది. ఆమెకు పండగంటే అంతే.

షెడ్డు కూల్చినవాళ్లకు ఆ హెల్మెట్లు పాత సామాను; రేకులతో పాటే ఏ లారీలోనో పోయాయి. మైదుకూరు దాకా పాత సామాను అంగళ్లన్నీ వెతికాను, దొరకలేదు. అక్కకు చెప్పడానికి నోరు రాలేదు. పూజనాడు అక్క పళ్లెం పట్టుకొని, పక్కనే కట్టిన కొత్త షెడ్డంతా తిరిగి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మీ బావ యాడుండాడురా?"

ఆమె వేలికి అంటిన కుంకుమను కొంగుకు తుడుచుకొని వెళ్లిపోయింది.

ఇప్పుడు బస్తాలను యంత్రమే లెక్కపెడుతుంది, ఒక్కటి కూడా తప్పదు. ఆ కొత్త రేకుల గోడలకు మేకు దిగదు. దిగినా, ఏ సొట్ట ఎవరిదో చెప్పగలిగినవాళ్లం ఇక ముగ్గురమో నలుగురమో. ఈ ఏటికి పదకొండు బొట్లు బాకీ. అందులో ఒకటి మా అక్కది.