సారు పండించిన స్ఫటికం

సారు పోయినారని అమ్మ ఫోన్ చేసినప్పుడు, నేను యంత్రంలో పెట్టాల్సిన స్ఫటికానికి రేకు చుడతా ఉండినాను. అమ్మ అంటే సారు భార్య. కాలేజీలో చదివినోళ్ళందరికీ ఆమె అమ్మే. ఆమె ఏడ్చలేదు. "పొద్దున కాఫీ తాగినారు పాపా. జాడీ మూతికి గుడ్డ సర్ది వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మళ్ళా లేయలేదు" అనింది. ఫోన్ పెట్టేసి నేనే ఏడ్చినాను. ఏడ్చి, కండ్లు తుడుచుకొని, రేకు చుట్టడం పూర్తి చేసి అప్పుడు రైలెక్కినాను. పని సగంలో వదిలి వచ్చినానని తెలిస్తే ఆ మనిషి పాడె మీద నుంచి లేచైనా తిట్టేవారు.

ఆయన మాకు కళ్యాణదుర్గం డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినారు. తొంభైల చివరి మాట ఇది. మాది బెళుగుప్ప దగ్గర పల్లె. మా నాయన శనక్కాయ వేసేది, ఆకాశం చూసేది, మళ్ళా వేసేది. నేను బస్సు దొరికితే బస్సు, లేకపోతే షేర్ ఆటో పట్టుకొని, తల నిండా దుమ్ముతో క్లాసుకు పోయేదాన్ని. ఆలస్యమైతే సారు కోప్పడరు. చొక్కా జేబులోంచి ఒక శనక్కాయ తీసి చేతిలో పెట్టి, లోపల గింజలెన్నో పగలగొట్టకుండా చెప్పి కూర్చోమనేవారు. చెవి దగ్గర పెట్టుకొని ఊపాల. తప్పు చెప్పినా కాయ మనదే. "చూస్తే చాలదు, ఊపి వినాల" అనేది ఆయన మాట. మా ధ్యాసంతా అప్పట్లో తినడం మీదే.

ఒకరోజు అటెండరన్న చేత వాచ్‌మన్ నులక మంచం మోయించుకొని క్లాసుకు వచ్చినారు. గుమ్మఘట్ట నుంచి వచ్చే ఆ అన్న సగం తెలుగు, సగం కన్నడంలో గొణుగుతా మంచాన్ని నిలబెట్టినాడు. సారు రబ్బరు బంతి తీసి ముందు గోడకు కొట్టినారు. పోయినంత జోరుగానే తిరిగొచ్చింది. తర్వాత మంచానికి కొట్టినారు. ఈసురోమని వచ్చి కాళ్ళ దగ్గర పడింది. మంచం కొంచెం జోరు మిగుల్చుకునిందనీ, ఎంత మిగుల్చుకునిందో లెక్కేస్తే నులక బిగువెంతో తెలుస్తుందనీ చెప్పినారు. ఆ తర్వాత అన్నను మంచం ఊపమన్నారు. ఈసారి బంతి పోయినదానికన్నా జోరుగా వచ్చి ముందు బెంచీ వాని ముక్కుకు తగిలింది. వాడు ముక్కు పట్టుకొని ఉంటే సారు వానికి శనక్కాయలు ఇచ్చి పాఠం సాగించినారు.

బంతి అంటే న్యూట్రాన్. మంచం అంటే స్ఫటికంలో వరసగా నిలబడిన పరమాణువులు. న్యూట్రాన్ అదే జోరుతో తిరిగొస్తే పరమాణువులు యాడ నిలబడినాయో చెప్తాది, జోరు తగ్గో పెరిగో వస్తే అవి ఎట్ల కదుల్తాండాయో చెప్తాది. పుస్తకంలో మొదటిదాన్ని స్థితిస్థాపక పరిక్షేపణం అంటారు, రెండోది అస్థితిస్థాపకం. "ఆ పేర్లు పలికేలోగా న్యూట్రాన్ ఊరు దాటిపోతాది. మీరు మంచం గుర్తు పెట్టుకోండి" అన్నారు సారు. ఇంకో మాట కూడా అన్నారు. హైడ్రోజన్ దగ్గర జాగ్రత్త, అది న్యూట్రాన్లను ఎటుపడితే అటు చిమ్ముతుంది, జాతరలో పిలిచినట్టు మనకు కావాల్సిన గొంతు వినపడదు అని. ఈ మాట మీరూ గుర్తు పెట్టుకోండి, ముందు పని పడుతుంది. ఇంత చెప్పిన మనిషి తన జన్మలో న్యూట్రాన్ యంత్రం చూడలేదు.

నేను ఆ మంచాన్నే పట్టుకొని పోయి పోయి బొంబాయిలో రియాక్టరు దగ్గర తేలినాను. సోడియం నైట్రేట్ అనే ఉప్పులో పరమాణువులు ఎట్ల ఊగుతాయో కొలవడం నా పరిశోధన. న్యూట్రాన్లు ధారాళంగా దొరికేవి కావు, కాబట్టి స్ఫటికం పెద్దదుండాల. మచ్చ లేకుండా, ఒకే ముక్కగా ఉండాల. ఆ ఉప్పేమో తేమ కనపడితే చెమర్చి కరిగే రకం. సముద్రం గాలిలో నేను పెంచినవన్నీ బెల్లం గడ్డల మాదిరి జారిపోయినాయి. యంత్రం మీద నా వంతు చూస్తే నడి వానాకాలంలో పడింది. అది తప్పితే మళ్ళా ఏడాదికి. అప్పటికి నా ఫెలోషిప్ అయిపోతుంది, మూటా ముల్లె సర్దుకొని ఇంటికి రావాల్సిందే. మా పల్లెలో అంత దూరం చదవడానికి పోయిన ఆడపిల్లను నేనే. చేతగాక తిరిగొచ్చింది అనిపించుకోవడం నాకు చావుతో సమానం.

ఎస్టీడీ బూతు నుంచి సారుకు చెప్పుకొని ఏడ్చినాను. ఆయన అంతా విని, మన గాలిని ఆడికి పంపలేను గానీ, మన గాలిలో పెంచి ఇస్తానన్నారు. కళ్యాణదుర్గం నుంచి స్ఫటికం వస్తాదని చెప్తే మా సీనియర్ సైంటిస్టు నవ్వి ఊరుకున్నాడు.

సారు ఇంట్లో రాతి గోడల గది ఒకటుండాది. వేడీ చలీ గబుక్కున మారకుండా ఇసుక పోసిన బానలో గాజు జాడీ దించి, మూతికి తన పంచె చింపి కట్టినారు. చిన్న స్ఫటికాన్ని విత్తనంగా ద్రావణంలో వేలాడదీయడానికి దారం లావైందని అమ్మ జడలోంచి వెంట్రుక తీసుకున్నారు. ఇంత పొడుగు జడ ఉందని పెండ్లి చేసుకుంటే ఇన్నాళ్ళకు పనికొచ్చిందని ఆమెను ఆట పట్టించినారు. ఆ గదిలో అడుగు గట్టిగా వేసినా ఒప్పుకొనేవారు కాదు. "పెరిగేదాన్ని కదపొద్దు" అనేవారు.

ఆ ఏడు కూడా మా వైపు వాన మొహం చాటేసింది. రేయింబవళ్ళు పొడిగాలి. మా నాయన కళ్యాణదుర్గం అంగడికి పోయినప్పుడు ఆ జాడీ చూడ్డానికి పోయినాడంట. గాలికి నీళ్ళు మెల్లగా ఎగిరిపోతాంటే స్ఫటికం పెరుగుతుందని సారు వివరిస్తే, మా చేను ఎండబెట్టిన గాలేనా సారూ ఇది అని అడిగినాడంట. సారు జాడీ మూతి గుడ్డ సర్దినారంట. తర్వాత అన్నారంట: "అదే గాలప్పా. నీకు చేసిన చేటు, నీ బిడ్డకు మేలు చేసి దిద్దుకుంటాండాది." నాయన ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పినాడో. చెప్పిన ప్రతిసారీ తువ్వాలుతో మొహం తుడుచుకొనేది.

గుంతకల్లులో రైలెక్కి సారే తెచ్చినారు, టిఫిన్ క్యారియర్లో పెట్టుకొని. పిడికిలంత స్ఫటికం. వెలుతురుకు పెడితే అవతల మనిషి మొహం కనపడేటంత తేట. మా సీనియర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు, ఈసారి నవ్వలేదు. సారును లోపలికి రానియ్యాలంటే అనుమతి కావాల, అది సమయానికి రాలేదు. ఆయన గేటు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నారు. నేను లోపలికి పోయి, స్ఫటికాన్ని పొడి గుడ్డతో తుడిచి, బిగించి, కొలత మొదలుపెట్టినాను.

జోరు మారకుండా వచ్చే న్యూట్రాన్ల శిఖరం గోపురం మాదిరి లేచింది. దాని పక్కన, జోరు మారి వచ్చినవి ఉండాల్సిన చోట, ఉత్త మంచు తెర. ఎన్నిసార్లు చూసినా అదే. పరమాణువులు నిలబడిన చోటు తెలుస్తాండాది, కదలిక తెలియడం లేదు. నాకు కావాల్సిందేమో కదలికే. వంతులో మిగిలిన సమయం కరిగిపోతాంది. వానలో తడుస్తా బయటికొచ్చి సారుకు చెప్పినాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టినారు. స్ఫటికం పట్టే బిగింపు దేంతో చేసినారని అడిగినారు. అల్యూమినియం అన్నాను. తేమ పట్టిందా అంటే లేదన్నాను. ఆయన ఒళ్ళో, క్యారియర్లో స్ఫటికానికి చుట్టి తెచ్చిన తువ్వాలు ఉండాది. దాన్నే చూస్తా ఉండిపోయినారు. దాని మీద పెద్ద మరక. వేలితో తాకి వాసన చూసినారు. నాకు ఆయన మొహం ఇప్పటికీ కండ్ల ముందర ఉండాది.

"నూనె పాపా" అన్నారు. "శనగనూనె. నేనే పూసినా."

సంగతేమంటే, సముద్రం గాలికి స్ఫటికం చెమర్చుతుందని భయపడి, ఊరగాయ మీద నూనె పోస్తే చెమ్మ తగలదు గదా అని, బయలుదేరే ముందు మందంగా పట్టించినారు. మా సీమలో ఇనుప కర్రుకైనా, చింతకాయ తొక్కుకైనా అదే వైద్యం. నూనె నిండా హైడ్రోజన్. ఆ నిగనిగ స్ఫటికానిదే అనుకొని నేను పైపైన తుడిచినా, సందుల్లో మిగిలిన పొర జాతర చేస్తాండాది. హైడ్రోజన్ దగ్గర జాగ్రత్త అని ఊరంతటికీ పాఠం చెప్పిన మనిషే స్ఫటికానికి తలంటు పోసి తెచ్చినారు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఆయనకే నవ్వొచ్చింది. పో, కడుగు పో అన్నారు.

పరుగెత్తినాను. నీళ్ళు తగలకుండా, నూనె విడిచే ద్రావకంతో కడిగి, పొడి వాయువు నింపిన డబ్బాలో స్ఫటికాన్ని మూసి మళ్ళా పెట్టినాను. కాగితం మీద లెక్క చుక్క పక్కన చుక్కగా పడతాంటే చూస్తా కూర్చున్నాను. మంచు తెర విడిపోయింది. గోపురానికి అటొకటి, ఇటొకటి, చిన్న శిఖరాలు రెండు లేచినాయి. జోరు పోగొట్టుకొని వచ్చినవి ఒకవైపు, జోరు పుంజుకొని వచ్చినవి ఇంకోవైపు. నాకు వాచ్‌మన్ మంచం కనపడింది. ముందు బెంచీ వాని ముక్కు కూడా కనపడింది.

గీత పడిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొని గేటు దాటినాను. సారు దాన్ని వానలో నిలబడే చూసినారు. అటు శిఖరం మీద వేలు పెట్టినారు, ఇటు శిఖరం మీద పెట్టినారు. తర్వాత టీ అంగట్లో ఉన్నోళ్ళందరికీ టీ పోయమన్నారు. తెలుగు ముక్క రాని ఆ అంగడాయనతో తెలుగులోనే చెప్పినారు: "మాది కళ్యాణదుర్గమప్పా. మా ఊరి రాయి పలికింది." ఆయనకేం అర్థమైందో, ఇంకో గ్లాసు ఊరకే పోసినాడు.

నేను డాక్టరేటు తీసుకొని ఊరికొస్తే నాయన బస్టాండు నుంచి మేళం పెట్టించినాడు. సిగ్గుతో చచ్చినాను, సంతోషం మాత్రం తక్కువేం కాదు. అప్పట్లో నవ్విన సీనియరే ఆ తర్వాత ఏటా, కళ్యాణదుర్గం స్ఫటికం ఎప్పుడొస్తుందని అడిగేవాడు. సారు రిటైరైనా ఆ గది రిటైర్ కాలేదు. ఆయన పంపిన స్ఫటికాలతో నా వెనక వచ్చినోళ్ళూ చదువులు పూర్తి చేసినారు. టిఫిన్ క్యారియర్ మీద మాత్రం అమ్మ సుద్దతో రాసేది: నూనె లేదు.

నేను చేరేసరికి వీధి నిండా జనం. పాత విద్యార్థులు, రైతులు, తల నెరిసిన అటెండరన్న. పాడె ఆ రాతి గది గుమ్మం ముందు నుంచి పోవాల. మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే అడుగు నెమ్మది చేసినారు, మేళమోళ్ళు డోలు ఆపినారు. గుమ్మం దాటినాక మళ్ళా గట్టిగా మోగించినారు.

అంతా అయినాక అమ్మ నన్ను గదిలోకి తీసుకుపోయింది. బానలో జాడీ ఉండాది, మూతికి ఆయన సర్దిన గుడ్డ ఉండాది. కిటికీలోంచి పొడిగాలి వస్తాండాది. తేట నీళ్ళ నడుమ స్ఫటికం, నేను చూసినవాటన్నిట్లో పెద్దది, దేనికీ కట్టకుండా నిలబడినట్టుండాది. వంగి చూస్తే అప్పుడు కనపడింది. ఈసారి వెంట్రుక తెల్లది.