అమ్మ నిద్రపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ నిద్రంటే భయం. దెయ్యాల భయం కాదు లెండి. అమ్మ నర్సు. ఢిల్లీలో ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఒకరోజు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, జ్వరంతో ఉన్న తమ్ముడికి మందు వేసి, వాడి పక్కనే కాస్త నడుం వాల్చింది. లేచి చూసేసరికి వాడి ఒళ్లు చల్లబడిపోయింది. నీ తప్పేం లేదని డాక్టర్లు ఎంత చెప్పినా అమ్మ చెవికెక్కలేదు.

ఆ తరవాత అమ్మ పడుకోవడం మానేసింది. కుర్చీలో కునికేది, అంతే. క్రైస్తవులం కాబట్టి శుక్రవారం ఉపవాస ప్రార్థన మాకు మామూలే. అమ్మ దాన్ని వారమంతా చేసేసింది, మరీ నీరసం వస్తే నిలబడి రెండు ముద్దలు మింగేది. మధ్యాహ్నం నేను కళ్లు మూస్తే చాలు, ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేది. నేను మెలకువగానే ఉండి, తనకి తెలియాలని గట్టిగా ఊపిరి తీసేదాన్ని. అమ్మ చిక్కి సగమైంది. తమ్ముడి వెనకే అమ్మ కూడా పోతుందని నాకు ఒకటే భయం. నాన్నకీ అదే భయం పట్టుకుందేమో, మా అమ్మమ్మకి కబురు పెట్టారు.

అమ్మమ్మ బందరు నుంచి ఎండురొయ్యల మూటతో దిగింది. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే వంకాయ, ఎండురొయ్యలు వేసి పులుసు పెట్టింది. ఆ వాసనకి మెట్ల మీద పంజాబీ ఆంటీలు ముక్కులు మూసుకున్నారు. అమ్మమ్మకి హిందీ ముక్క రాదు. అందరికీ కలిపి అచ్ఛా, అచ్ఛా అనేసి, డాబా మీద ఎండలో నులక మంచం వేయించింది. చలికాలంలో ఎండ కాసిందంటే ఢిల్లీ వాళ్లకి అదే పండగ. అమ్మని మంచం మీద కూచోబెట్టి తలకి నూనె మర్దించడం మొదలెట్టింది.

ఉపవాసంలో ఈ పులుసేంటి, ఈ నూనేంటని అమ్మ గింజుకుంది. ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే శ్రమకాలంలో కూడా ఆదివారం నాడు మనవాళ్లు కడుపునిండా తినేవాళ్లని, ఆ రోజు పస్తుండకూడదని అమ్మమ్మ చెప్పి చూసింది. అమ్మ వింటేగా! నేను పడుకుంటే దీన్నెవరు చూస్తారని ఒకటే పాట. అప్పుడు అమ్మమ్మ నన్ను దగ్గరికి లాక్కుని నా చెయ్యి పట్టుకుంది.

"లోకాన్ని చేసినాయనే ఒకరోజు పని మానుకుని కూచున్నాడు. నువ్వు మానితే లోకం ఆగిపోద్దా? నీ పిల్లని నేను చూస్తా. నా పిల్లవి నువ్వు, నిన్నూ నేనే చూస్తా. పడుకో."

అమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే నిద్రపోయింది. అమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు, అమ్మ మొహం మీంచి చూపూ తిప్పలేదు. ఎండ గోడెక్కే వేళకి అమ్మ కళ్లు తెరిచింది. మొహం తేటగా, మునుపటి అమ్మలా ఉంది. నన్ను చూసి మామూలుగా అడిగింది.

"తమ్ముడు తిన్నాడా?"

నేను అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నా. మరుక్షణం అమ్మకీ గుర్తొచ్చింది, మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. అమ్మమ్మ మాత్రం కంగారుపడలేదు. అన్నంలో పులుసు కలిపి ముద్ద నోటికందిస్తూ, కల్లోకి వచ్చాడా, ఎలా ఉన్నాడని అడిగింది. నవ్వుతున్నాడని చెప్పింది అమ్మ. వాడు పోయాక వాడి గురించి అమ్మ నోరు విప్పడం అదే మొదలు. చెబుతూ, ఏడుస్తూ కంచం ఖాళీ చేసి, ఇంకాస్త పులుసు పొయ్యమంది. ఆ మాట విన్నాక గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు.

ఇప్పుడు ఘాజియాబాద్‌లో మా అమ్మాయి నా ఆదివారం నిద్ర చూసి హిందీలో ఎక్కిరిస్తుంది. ఎక్కిరించనీ. నేను ఇష్టమైన కూర వండుకుని, తీరిగ్గా తిని, అన్నానికి చేసినట్టే నిద్రకీ ప్రార్థన చేసుకుని బాల్కనీలో పడుకుంటా. కన్ను మూతపడే ముందు గుండె ఒక్కసారి జారుతుంది, అబద్ధమెందుకు. పనిలో ఉన్నంతసేపు పోయినవాళ్లు మన దగ్గరికి రాలేరు. వాళ్లకి నేను తీరిగ్గా దొరికేది ఆ కాసేపే. తమ్ముడు వస్తాడు, ఈ మధ్య అమ్మ కూడా వస్తోంది. మెలకువ వచ్చాక ఎవరున్నారో, ఎవరు లేరో కొంతసేపు తెలీదు. అంతసేపూ నేను కదలను.