గరాజ్‌లో వేలాడిన వేట కోటు

మావారికి జింక వేట అలవాటు చేసినవాడు ఆయనతో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే అమెరికా ఆయన. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌కి ఉత్తరాన ఆ స్నేహితుడికి కొంచెం అడవి ఉండేది. ఆ ఏడు దాన్ని అమ్మేస్తూ, "ఇదే ఆఖరి సీజన్, వచ్చి ఒకటి కొట్టుకో" అన్నాడు. ఏళ్ల తరబడి బాణాలు వేయడం నేర్చుకుని ఒక్క జింకనీ కొట్టని మావారికి ఇక నిద్ర పట్టలేదు.

మగ జింక వంగిన కొమ్మ కింద ఆకులు గీరేసి, మట్టి తేల్చి, అందులో ఉచ్చపోసి పోతుందట. ఆ వాసనకి ఇంకో మగ జింక, ఎవడొచ్చాడా అని చూడటానికి వస్తుందట. ఆ గీరుడేదో మనమే చేసి పెడితే సరి. మావారు మనిషి వాసన అంటకుండా రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకుని ఆకులు లాగి, సీసాలో కొన్న జింక ఉచ్చ ఒంపి, చెట్టుకి కెమెరా కట్టి వచ్చారు.

"నా వేట బట్టలకి ఇంటి వాసన తగలకూడదు. గరాజ్‌లో తగిలించాను, ముట్టుకోకు" అన్నారు నాతో.

ప్రతి ఆదివారం పోవడం, ఉత్త చేతులతో రావడం. కెమెరాలో చూస్తే జింకలు దూరాన ఆగి, ముక్కు పైకెత్తి, తెల్లతోక లేపి పారిపోతున్నాయి.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ స్నేహితుడు మావారిని తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇల్లంతా వాసన కొడుతుందని ఇక్కడి చాలా తెలుగిళ్లలోలాగే మా వేపుళ్ల స్టవ్వూ గరాజ్‌లోనే ఉండేది. నేను చేపలు వేయిస్తున్నాను. ఆ స్నేహితుడు మావారి కోటు అందుకుని, వాసన చూసి పకపకా నవ్వాడు.

"మ్యాన్, దిస్ స్మెల్స్ లైక్ లంచ్!"

మావారి మొహం మాడిపోయింది. "ఏమే, నా కోటు కింద వేపుళ్లు చేస్తూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"స్టవ్ ఇక్కడ పెట్టిందెవరండీ? పోయినవారం ఇక్కడే నిలబడి మూకుట్లోంచి తీసుకుని తిన్నదెవరు? కోటు ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు."

వాసనలేని సబ్బుతో అన్నీ ఉతికి పెరట్లో ఆరేశాను. ఆయన వేరే చెట్టు కింద మళ్లీ గీరి వచ్చారు. వారమంతా గరాజ్ స్టవ్ వెలిగించలేదు, పెరుగన్నంతో సరిపెట్టాం. సీజన్‌లో ఆఖరి ఆదివారం చీకటిపడేదాకా చెట్టెక్కి కూర్చుని, చలికి పళ్లు టకటకలాడుతూ, కెమెరా విప్పుకుని వచ్చారు.

కంప్యూటర్‌లో చూశాం. బుధవారం మధ్యాహ్నం, నా మణికట్టంత లావు కొమ్ములతో ఒక మగ జింక, సరిగ్గా ఆ గీరుడులో నిలబడి, పైకొమ్మ నాకుతోంది.

"బుధవారం నేను డ్యూటీలో ఉన్నాను" అన్నారాయన.

"వచ్చిందిగా, అదైనా సంతోషించండి."

"కొట్టుకోలేనప్పుడు వస్తే ఎంత, రాకపోతే ఎంత!" అని కంప్యూటర్ కట్టేసి, అన్నం తినకుండానే పడుకున్నారు.